తీతువుల దళానికి చరిత్ర లేదు

ఒక పెద్ద అడవిలో, పెద్దదంటే దాని సరిహద్దు ఎక్కడుందో దాని రాజుకే తెలియనంత పెద్దది లెండి, ఒక సైన్యం ఉండేది. అందులో మూడు దళాలు: ఏనుగులు, కొండముచ్చులు, తీతువు పిట్టలు. శత్రువులేమో పడమటి కొండ అవతలి రేచుకుక్కలు. పట్టపగలే గుంపుగా వచ్చి, దొరికిన జింకను దొరికినట్టు లాక్కుపోయే రకం.

ఏనుగుల పని అడ్డంగా నిలబడటం. కొండముచ్చుల పని చెట్ల మీంచి రాళ్లు రువ్వటం. తీతువుల పని కొండవైపు చూస్తూ ఉండటం, కుక్కలు కనబడితే అరవటం. అరుపు వినగానే అడవి అంతా లేచి నిలబడేది. లేచి నిలబడ్డ అడవిని చూసి కుక్కలు వెనక్కి తిరిగేవి. ఆ విధంగా మిగతా రెండు దళాలకూ పని తగిలి చాలా ఏళ్లయింది.

పని లేని సైన్యం ఏం చేస్తుంది? చరిత్ర చెప్పుకుంటుంది.

ఏనుగుల దళాధిపతి పేరు దంతప్ప. రోజూ పొద్దున్నే దళాన్ని వెంటబెట్టుకుని పాతరేవు బురదలోకి దిగి, తూర్పుకు తిరిగి నిలబడేవాడు. ఒకప్పుడు వాళ్ల తాతగారు ఆ బురదలోనే నిలబడి రేచుకుక్కల దండును ఒంటరిగా ఆపాడట. నిజానికి ఆయన నీళ్లు తాగడానికి దిగి కూరుకుపోయాడు. పైకి రాలేక అక్కడే ఉండిపోయాడు. కుక్కలు ఆయన పక్కనుంచే చక్కా వెళ్లిపోయాయి. ఈ సంగతి ముసలి తాబేళ్లన్నిటికీ తెలుసు గానీ, తాబేళ్లను అడిగేదెవరు? కుక్కలు వచ్చేది ఇప్పుడు పడమటి నుంచి. అయినా తాత తూర్పుకు చూశాడు కాబట్టి దళం తూర్పుకే చూస్తుంది. దాన్ని వాళ్లు సంప్రదాయం అంటారు.

కొండముచ్చుల నాయకుడు చింతాకయ్య చెప్పే చరిత్ర వేరు. ఆ యుద్ధాన్ని గెలిపించింది వాళ్ల ముత్తాతలు కురిపించిన రాళ్ల వానేనట. ఆ రాళ్లలో సగం ఏనుగు తాత వీపు మీదే పడ్డాయన్న ముక్క ఏ దళం చరిత్రలోనూ లేదు. ఒకటే యుద్ధాన్ని ఇద్దరూ విడివిడిగా గెలిచారన్నమాట.

తీతువుల నాయకురాలు రెల్లమ్మ. వాగు మధ్య ఇసుకదిబ్బ వాళ్ల ఠాణా. తీతువులు చెట్టెక్కి గూడు కట్టవు కదా, గులకరాళ్ల మధ్య నేల మీదే గుడ్లు పెడతాయి. ఆ దిబ్బ మీద పిట్టపిట్టకూ గుడ్లున్నాయి, రేపోమాపో పిల్లలయ్యేలా ఉన్నాయి.

ఆ గుడ్ల మీద ఒకడికి కన్నుంది. వాడే ఆస్థాన చరిత్రకారుడు వాచస్పతి. నక్క. ఎన్నిసార్లు దిబ్బవైపు నడిచినా పిట్టలు గోలగోలగా అరిచి, నెత్తి మీద తన్ని, పరువు తీసి పంపించేవి. నోరూరుతుంది గానీ నోట్లోకి ఏదీ రాదు. చివరికి వాడికి చదువు అక్కరకొచ్చింది.

"ఏలినవారూ, సేనా దినోత్సవం జరిపిద్దాం" అన్నాడు మృగరాజుతో. "ఏ దళం చరిత్ర ఏమిటో సభలో చెప్పించి, చరిత్ర లేని దళాన్ని తీసేద్దాం. ఖర్చు కూడా కలిసొస్తుంది."

సింహం ఆవలించి సరే అంది. దానికి మధ్యాహ్నం కునుకులో తీతువు కూత అంటే అసలే చిరాకు.

సభ పెట్టారు. దంతప్ప తాత గురించి చెప్పి కళ్లు తుడుచుకున్నాడు. చింతాకయ్య ముత్తాతల గురించి చెప్పి రొమ్ము చరుచుకున్నాడు. తరువాత రెల్లమ్మ వంతు వచ్చింది.

"మీరు చేసిన యుద్ధాలేమిటమ్మా?" అన్నాడు వాచస్పతి.

"యుద్ధాలేం చేయలేదండీ. కుక్కలు కనబడితే అరిచాం. అవి వెళ్లిపోయాయి."

"మీవాళ్లు ఎంతమంది ప్రాణాలర్పించారు?"

"ఎవరూ చావలేదండి."

"పోనీ, మీ కాపలాలో జింకలైనా?"

"జింకలూ చావలేదండి. చావకూడదనే కదా మేం ఉన్నది."

సభంతా నవ్వింది. జింకలు కూడా నవ్వాయి. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

"చూశారా ఏలినవారూ" అన్నాడు వాచస్పతి చేతులు జోడించి. "ఒక్క వీరమరణం లేదు. ఒక్క గాయం లేదు. పైగా అపశకునపు కూత. ఇదీ ఒక దళమేనా?"

దళం రద్దయింది. ఇసుకదిబ్బ ఏనుగుల కవాతు మైదానమైంది. ఇకమీదట తీతువు అరిస్తే అది హెచ్చరిక కాదు, అల్లరి కింద లెక్క అని చాటింపు వేశారు. ఆ చివరి మాట వాచస్పతి తన సొంత తెలివితో చేర్చుకున్నది.

రెల్లమ్మ దంతప్ప కాళ్ల దగ్గరికి వెళ్లి బతిమాలుకుంది. "అన్నా, గుడ్లు ఎత్తుకుపోలేం. పిల్లలు లేచి నడిచేదాకా దిబ్బ మీద అడుగు పెట్టకండి. తరువాత మీ ఇష్టం."

దంతప్ప చెడ్డవాడు కాదు. అధికారంలో ఉన్న మంచివాడు, అంతే. "నాదేముందమ్మా, ఉత్తర్వు. ఉత్సవం అవగానే కవాతు అక్కడే. ఈలోపు పిల్లలైతే నీ అదృష్టం" అని తొండంతో నమస్కారం పెట్టాడు.

ఉత్సవం రోజు అడవంతా పాతరేవు దగ్గర చేరింది. తాతగారి వీరగాథను కళ్లకు కట్టినట్టు చూపిస్తామని ఏనుగులన్నీ బురదలోకి దిగాయి. వడ్రంగిపిట్టల మేళం మోగుతోంది. కుక్కల దండు వేషానికి కొండముచ్చులు పోటీ పడి కొట్టుకున్నాయి కూడా. అందరి మొహాలూ తూర్పుకే.

వాచస్పతి మెల్లగా జారుకుని ఇసుకదిబ్బ దారి పట్టాడు.

రెల్లమ్మ వాణ్ణి చూసింది. తలెత్తేసరికి పడమటి కొండ దిగుతున్న రేచుకుక్కలనూ చూసింది. మామూలు గుంపు కాదు. ఎప్పుడూ లేనిది తమను చూసి ఎవరూ అరవకపోయేసరికి ధైర్యం వచ్చి చుట్టాలను కూడా వెంటబెట్టుకొచ్చినట్టున్నాయి.

నక్క మీద పడితే గుడ్లు దక్కుతాయి. ఉత్సవం వైపు పోతే జింకలు దక్కుతాయి. మొన్న సభలో తనను చూసి నవ్వింది ఆ జింకలే. తోటి పిట్టలను దిబ్బ మీద ఉంచి, తాను ఉత్సవం మీదికి ఎగిరి గొంతు చించుకుని అరిచింది.

"మొదలెట్టింది, గుడ్ల గోల" అన్నాడు చింతాకయ్య. "మేళం గట్టిగా వాయించండ్రా" అన్నాడు దంతప్ప బురదలోంచే. వాయించారు.

దిబ్బ అంచున వాచస్పతికి కూడా ఆ అరుపు వినబడింది. ఒకప్పుడైతే చెవులు నిక్కించి చుట్టూ చూసేవాడే. "అరుచుకో తల్లీ, అరుచుకో. నీ మాట వినేవాళ్లెవరూ లేకుండా చేశాను కదా" అని నవ్వుకుని, నెత్తి మీద తన్నుతున్న మిగతా పిట్టలను లెక్కచేయకుండా గుడ్డు వాసన చూశాడు. వెనక్కి తిరిగి మాత్రం చూడలేదు. తోక మీద పళ్లు దిగాకే తిరిగాడు.

తోక కుక్కలకు వదిలేసి, ప్రాణం పట్టుకుని పరుగెత్తాడు. ఎక్కడికి? జనం ఉన్న చోటికే. కుక్కల దండు వాడి వెనకే తిన్నగా ఉత్సవంలోకి వచ్చిపడింది.

ఏనుగులు కదలబోయాయి. అచ్చం తాతగారిలాగే కూరుకుపోయాయి. కొండముచ్చులు చెట్లెక్కి రాళ్లు రువ్వాయి. అచ్చం ముత్తాతల్లాగే ఏనుగుల వీపుల మీద కొట్టాయి. మృగరాజు గుహలోకి వెళ్లి బండ అడ్డం పెట్టుకుంది. జింకలకు నవ్వడానికి టైము దొరకలేదు. కుక్కలు కడుపు నిండేదాకా ఉండి, నింపాదిగా వెళ్లిపోయాయి.

మర్నాడు మళ్లీ సభ. సగం జింకలు లేవు. వాచస్పతి తోక లేకుండా లేచి నిలబడ్డాడు.

"ఏలినవారూ, నిన్న మనం మహా విజయం సాధించాం. ఏనుగులు ఒక్క అడుగు వెనక్కి వేయలేదు."

ముందుకూ వేయలేదన్న మాట ఎవరి నోటా రాలేదు.

"కొండముచ్చుల రాయి ఒక్కటీ వృథా పోలేదు. నేనైతే శత్రువును తొలిగా ఎదుర్కొని నా తోకను దేశానికి అర్పించాను."

చప్పట్లు మోగాయి. కొత్తగా నక్కల త్యాగదళం ఏర్పాటైంది. ఇసుకదిబ్బ మీద తోక స్మారకంగా పెద్ద బండ దొర్లించాలని తీర్మానించారు.

అప్పుడు సింహానికి ఏదో గుర్తొచ్చింది. "రెల్లమ్మా, నిన్న నువ్వే కదా అరిచింది? మీ దళాన్ని మళ్లీ పెట్టమంటావా?"

"మీవాళ్లలో ఎవరైనా పోయారా?" అన్నాడు వాచస్పతి వెంటనే.

"లేదండి" అంది రెల్లమ్మ. "పిల్లలు కూడా తెల్లవారే లేచి నడిచారు."

"మళ్లీ అదే పాట" అని వాచస్పతి తల అడ్డంగా ఊపాడు. సింహం కూడా ఊపింది.

బండ దొర్లించేసరికి దిబ్బ ఖాళీగా ఉంది. రెల్లమ్మ పిల్లలను నడిపించుకుని, దళం మొత్తంతో వాగు దాటి పక్క అడవికి వెళ్లిపోయింది.

ఇప్పుడు ఈ అడవికి ఏటా ఒక కొత్త విజయం, ఏటా ఒక కొత్త స్మారకం. చూడటానికి వచ్చే జింకలే లేవు. పక్క అడవికి చెప్పుకోదగ్గ చరిత్ర ఏమీ లేదు. అక్కడ తీతువు అరుస్తుంది, జింకలు తలెత్తి చూస్తాయి, మళ్లీ మేతలో పడతాయి.

నీతి: చరిత్రలో చోటు కావాలంటే ప్రమాదం వచ్చి పోయేదాకా నోరు మెదపకండి.