తాడు బరువు సున్నా

వాగు పొంగి మా కల్లాలను ఊడ్చుకుపోయిన తర్వాత అది మూడో ఏడు. ఆ ఏడు మా తాలూకాలో శక్తి అనేది సర్కారు ఆస్తి అయింది. అంతకుముందు అది ఎద్దుల్లో ఉండేదని మేం అనుకునేవాళ్లం.

కల్వకుర్తి బాట మీది సర్కారు మొక్కల తోటలో నేను మోట కొట్టేవాణ్ని. బొక్కెనా, దాన్ని గుంజే మోకుతాడూ సర్కారువి. ఎద్దులు నావి. ఎద్దులు మోటదారిలో దిగువకు నడిస్తే తోలు బొక్కెన బాయిలోంచి నీళ్లతో పైకొస్తుంది. దిగేటప్పుడు మోకు మీద నేను కూర్చుంటాను; నా బరువు వాటికి సాయం. మా నాయినా అట్లాగే కూర్చున్నాడు. ఆ ఏడు మోకుకున్న మూడు పురుల్లో ఒకటి తెగింది. ఎద్దులు గుంజుతుండగా మిగతావీ తెగితే ముందు పడేది నల్లెద్దు. కింద బండ ఉంది. కొత్త మోకు కోసం అర్జీ పెట్టించాను.

మోకు రాలేదు. స్థితిశక్తి తనిఖీ అధికారి వచ్చాడు. (గతిశక్తికి వేరే అధికారి ఉన్నాడట, ఆయన ఇంకా బయలుదేరలేదు.) బాయిలోకి తొంగిచూడకుండానే గిలక స్తంభానికి నల్లబల్ల ఆనించి లెక్క రాశాడు. నిండు బొక్కెన నూరు కిలోలు. ఎత్తు పది మీటర్లు. (మూరలు ఆ మధ్యే రద్దయ్యాయి, బాయి అభ్యంతరం చెప్పలేదు.) నూరును తొమ్మిది పాయింటు ఎనిమిదితో, దాన్ని మళ్లీ పదితో హెచ్చవేసి, తొమ్మిది వేల ఎనిమిది వందల జౌళ్ల శక్తి అని రాసి కింద రెండు గీతలు గీశాడు.

"మోకు సంగతేంది సారూ?" అన్నాను.

"తాడు బరువు సున్నా అనుకోవాలి. గిలక దగ్గర ఘర్షణ లేదనుకోవాలి. పుస్తకంలో అలాగే ఉంది."

"పురి తెగింది సారూ. జర చేత్తోని పట్టి చూడుండ్రి."

"ఘర్షణే లేనప్పుడు ఎలా అరుగుతుందయ్యా?"

"నేను దాని మీద కూసుంట గద. గా లెక్కల నేనేడున్న?"

ఆయన బల్లను పైనుంచి కిందికి ఓపిగ్గా చదివాడు. "నువ్వు లెక్కలో లేవు."

"ఎద్దులు?"

"అవీ లేవు. బలం ఉంది."

ఇంటికి పోయి నా భార్య బక్కమ్మకు చెప్పాను, మోకుకు బరువు లేదట అని.

"ఆ సారు తలకాయకు గూడ లేనట్టున్నది," అంది. "మోకు బదులు దాన్నే కట్టి గుంజకపోయినవా!"

అరగని తాడును మార్చడం దుబారా అని వారానికి ఉత్తర్వు వచ్చింది. ఉత్తర్వు వచ్చిన తొమ్మిదో రోజు మోకు తెగింది. బొక్కెన బాయిలో పడింది. నేను బండ మీద పడ్డాను. మోచేతి తోలు లేచిపోయింది. నల్లెద్దు ముందుకాలు విరిగింది.

ఈసారి అధికారులిద్దరూ వచ్చారు. బొక్కెన నీళ్లను తాకినప్పుడు దాని వేగం సెకనుకు పద్నాలుగు మీటర్లని గతిశక్తి ఆయన తేల్చాడు. భిన్నం లేకుండా వచ్చినందుకు ఇద్దరూ చేతులు కలుపుకున్నారు. శక్తి పుట్టదు, నశించదు కాబట్టి అదంతా వేడిగా మారి నీళ్లలోనే ఉండాలన్నారు. వేడి కొలిచే గాజుగొట్టాన్ని బాయిలోకి దించారు. (దాని తాడు కొత్తది.) నీళ్లు చల్లగానే ఉన్నాయి. ఇద్దరూ చెరో చెంబు తాగి మరీ నిర్ధారించారు.

"అయితే ఆ తొమ్మిది వేల ఎనిమిది వందలు ఎక్కడికి పోయాయి?" అని నన్నడిగారు.

"నల్లెద్దు కాల్ల పోయినయి సారూ."

"ఎద్దు లెక్కలో లేదని ఇదివరకే చెప్పాం కదా."

శక్తిని ఆఖరిసారి చూసినవాణ్ని నేనే కాబట్టి, మర్నాడు పది గంటల్లోగా దాన్ని సర్కారుకు తిరిగి అప్పగించాలని, లేకుంటే పని ఊడుతుందని అక్కడే తాఖీదు రాశారు. వేలిముద్ర వెయ్యమన్నారు. నేను సంతకం పెట్టాను. మూడేళ్లు బడికి పోయినవాణ్ని. అంతలో హెచ్చవేత దాకా చెప్తారు.

మర్నాడు పొద్దున్నే కుండ తీసుకుని బాయి మెట్లు దిగాను. కుండకు పది కిలోల నీళ్లు; పది కుండలైతే నిండు బొక్కెన. అధికారుల కళ్లముందే పది కుండలు భుజాన మోసి పైకి తెచ్చి మొక్కల కాల్వలో పోశాను. శక్తి అప్పగింత పూర్తయిందని కాగితం ఇచ్చారు. (పదిసార్లు నన్ను నేను పైకి మోసుకున్నది అందులో రాయలేదు. నేను లెక్కలో లేను.)

పదకొండో కుండ నల్లెద్దు దగ్గరికి మోసుకుపోయాను. అది లేవలేదు. పడుకునే తాగింది.

"ఆ కుండ ఎంతని రాయాలి?" అని స్థితిశక్తి ఆయన కేకేశాడు.

"సున్నా అనుకోండ్రి సారూ," అన్నాను.

రాసుకున్నాడు.