కొండ ద్రాక్ష మర్యాద

గల్ఫులోని రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటులో సెక్షన్ హెడ్ కుర్చీ ఖాళీ అయిందని తెలిసిన రోజే కామేశ్వరరావుకు ద్రాక్షపండ్ల మీద అభిమానం పుట్టింది. కారణం సహజమైనదే. ఆ కుర్చీ ఇవ్వాల్సిన మేనేజరు మొరెల్ దొర ఫ్రాన్సువాడు, అందులోనూ సవ్వా అనే కొండసీమవాడు. ఆ కొండల ద్రాక్ష మరెక్కడా అంత బాగా పండదనీ, దాని వైను రుచి తెలియనివాడు మనిషే కాడనీ దొర అభిప్రాయం. ఆ సంగతి చెవినపడ్డ మరుక్షణం నుంచి కామేశ్వరరావుకూ అదే అభిప్రాయం.

పుట్టి బుద్ధెరిగాక దగ్గుమందు తప్ప మరే మత్తూ ముట్టని ఆయన జకేర్, మోందూజ్, అల్తెస్ అంటూ ఆ ద్రాక్షల పేర్లు ఎక్కాల్లా వల్లించాడు. నిపుణులు వైను మింగరనీ, పుక్కిలించి ఉమ్మేస్తారనీ ఒక వీడియో క్యాసెట్టు చూసి తెలుసుకున్నాడు. దానిమ్మరసంతో సాధన మొదలైంది.

"ఏవండీ, సింకులో అన్నం గిన్నెలున్నాయి. మీ నాగరికతేదో బాత్రూములో కానివ్వండి" అంది భార్య సుబ్బలక్ష్మి.

"సెక్షన్ హెడ్ భార్య అనాల్సిన మాటేనా ఇది?"

"ముందు అవండి. అప్పుడు సింకులోనే ఉమ్ముదురుగాని."

శుక్రవారం మధ్యాహ్నం దొర సెక్షనంతటినీ అల్ ముంతజాలోని తన ఇంటికి భోజనానికి పిలిచాడు. వాళ్ళ అమ్మమ్మ తోటలో పండిన మోందూజ్ వైను తన చేత్తోనే అందరికీ పోశాడు. కామేశ్వరరావు గ్లాసు తిప్పి, వాసన చూసి, కళ్ళు మూసుకున్నాడు. "కొండగాలి, మిరియాల ఘాటు, పూర్వీకుల చెమట కలిసి నా నాలుకను ధన్యం చేస్తున్నాయి" అని ఇంగ్లీషులో ఉపన్యసించి, గుక్కెడు పుక్కిలించి, పూలకుండీలో ఉమ్మాడు. మిగతా తెలుగు ఇంజినీర్లూ అదే మర్యాద కాబోలనుకుని వరసగా ఉమ్మారు. గోడమీది ఫోటోలోంచి అమ్మమ్మ చూస్తూనే ఉంది.

నిజామాబాదు వైపు సూపర్‌వైజరు మారుతి ఒక్కడే బిత్తరపోయాడు. "గట్లుమ్ముతరేంది సార్? ముసలవ్వ తోటల పండింది. పాపం తలుగదా?" అని తన గ్లాసూ, సీసాలో మిగిలిందీ ఖాళీ చేసి, దొరగారి సోఫాలో ఒరిగి గురక పెట్టాడు. దొర కళ్ళు చెమర్చాయి. స్వయంగా దుప్పటి కప్పాడు.

శనివారం మారుతి సెక్షన్ హెడ్ అయ్యాడు.

దరిమిలా తెలుగు సంఘం వారు ప్రతి శుక్రవారం సోఫాలో సంస్కారవంతంగా ఒరగడంలో శిక్షణ ఇస్తున్నారు. మొదటి బ్యాచిలో కామేశ్వరరావు చేరాడు. సుబ్బలక్ష్మి దుప్పటి మోసుకొస్తోంది. గురకలో కొండసీమ యాస పలకాలని అధ్యక్షులవారి ఉద్బోధ.

మన ఊరి కల్లు దుకాణం ముందు ఇదే విద్య ప్రదర్శించినవాణ్ణి మనం ముక్కు మూసుకుని దాటి వెళ్ళాం. పాపం, వాడి తప్పేమీ లేదు. పడ్డచోట సోఫా లేదు.