ఒక్క డైలాగు సినిమా

ఆదివారం పొద్దున్నే మొగులయ్య గడ్డం గీసుకున్నాడు. భానూర్‌లో అదే పెద్ద వింత. భార్య రాజవ్వ పోయాక ఆయన ఎవరి గడపా తొక్కలేదు. ఆ రోజు మాత్రం మధ్యాహ్నం టీవీలో వచ్చే సినిమా చూడాలనుకున్నాడు.

కారణం ఉంది. ఆరేళ్ల కింద కామరాజు అనే నటుడు ఆయన ఇంట్లో నెల రోజులు కిరాయికున్నాడు. పనీ పాటా లేదు. అరుగు మీద కూర్చుని మొగులయ్యనే చూసేవాడు. "మా ఆయనల ఏం సూస్తున్నవ్ బిడ్డా?" అని రాజవ్వ అన్నం పెడుతూ అడిగితే నవ్వేవాడు. తర్వాత వాడు చేసిన సినిమాను ఒక్క టాకీసు కూడా ఆడించలేదు. ఇన్నాళ్లకు టీవీలో వస్తోంది. వాడు తనలో ఏం చూశాడో తెలియాలి. మొగులయ్యకు అంతే కావాలి.

టీవీ ఉన్నది కోస్తా నుంచి వచ్చి ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేస్తున్న బాపిరాజు ఇంట్లో. సినిమా మొదలైంది. తెర మీద కామరాజు అరుగెక్కి వేపపుల్ల నములుతున్నాడు. నములుతూనే ఉన్నాడు. పాట లేదు, మాట లేదు.

"సౌండు పోయిందండీ!" అని బాపిరాజు మీట చివరికంటా తిప్పాడు.

"పోలే సారూ. గట్లనే ఉంటడు వాడు."

ఎవరు వింటారు? బాపిరాజు భార్య వీరలక్ష్మి టీవీ నెత్తిన రెండు చరిచింది. బొమ్మ వంకరపోయింది. దాన్ని సరిచేయడానికి పక్కింటి లింగాన్ని యాంటెన్నా తిప్పమని కప్పు మీదికి ఎక్కించారు.

"ఇటా, అటా? జెర జల్దీ చెప్పున్రి, కాళ్లు కాలుతున్నయ్!"

"బొల్లారం వైపు తిప్పవయ్యా!"

బొమ్మ కుదిరింది. మాట మాత్రం రాలేదు. ఇక విప్పి చూడాల్సిందేనని బాపిరాజు స్క్రూడ్రైవరు తెచ్చాడు.

"ముట్టినవంటే మంచిగుండదు," అంటూ మొగులయ్య టీవీకి అడ్డంగా చతికిలబడ్డాడు. బాపిరాజు గొణుక్కుంటూ మళ్లీ లింగం మీద అరవడానికి వాకిట్లోకి పోయాడు.

మూరెడు దూరం నుంచి మొగులయ్య చూశాడు. తువ్వాలు విదిలించడం తనదే. తెర మీది పెళ్లాం వడ్డిస్తుంటే గోడ వైపు చూడడం తనదే. ఉప్పు చాలకపోతే పలక్కుండా కంచం నెట్టడమూ తనదే. దొంగ, ఒక్కటీ వదల్లేదు! ఇంతటివాణ్ణి ఏ టాకీసువాడూ ఆడనియ్యలేదా?

అప్పుడు కామరాజు ముద్ద మింగి, తలెత్తి, పెళ్లాం ముఖం చూసి నోరు తెరిచాడు.

మీట చివరికంటా తిప్పి ఉందన్న సంగతి అందరూ మరిచారు. ఆ గొంతుకు వాడకట్టంతా అదిరింది. కప్పు మీద లింగం దడుచుకుని, యాంటెన్నాతో సహా జారి, వాకిట్లో ఎండుతున్న వడియాల మీద పడ్డాడు. బొమ్మ పోయి టీవీ నిండా చీమలు.

"అయ్యో, నా వడియాలు!" అంది వీరలక్ష్మి.

"నా నడుము గూడ ఉందమ్మా," అన్నాడు లింగం.

బాపిరాజు లోపలికి పరుగెత్తాడు. "మాట వచ్చింది కదండీ! ఆ మోతలో ఏమీ అర్థం కాలేదు. ఏమన్నాడు, ఏమన్నాడు?"

"కూర మంచిగైందన్నడు."

"అంతేనా? ఆ ముక్కకా ఇంత గోల?"

మొగులయ్య తువ్వాలు విదిలించుకుని లేచాడు. మిగిలిందంతా తానే. ఆ ఒక్క మాటే వాడి నటన.