యమున కారుకు ఏడున్నర హెచ్‌పీ

మా ఇంట్లో బొమ్మకారు మోటారు కాలిపోయిన రోజున నాకొక సత్యం బోధపడింది. మనిషిని గట్టెక్కించేది చదువు కాదు, ఓర్పు కాదు, పెద్ద మోటారు!

నవ్వకండి. ఖిల్లా ఘణపూర్ బడిలో లెక్కలు చెప్పే పంతుల్ని. రుజువు లేనిదే మాట్లాడను.

ముందు కారు సంగతి. రిమోటుతో నడిచే పాతకాలపు కారు. గద్వాలలో చీరలు నేసే మా మామ బాలకిష్టయ్య ఒకప్పుడు సరుకుతో బొంబాయి వెళ్తే, అక్కడి సేటు తన కొడుకు ఆడి వదిలేసిన కారును చేతిలో పెట్టాడు. మామ దాన్ని కూతురు యమునకు తెచ్చాడు. యమున పెళ్లయ్యాక చీరల పెట్టెతో పాటు దాన్నీ మా ఇంటికి తెచ్చింది. ఆమె నా భార్య. మాఘంలో పోయింది.

ఆ కారు నిదానం గురించి ఏం చెప్పమంటారు? యమున దాని మీద నా చాయ్ గ్లాసు పెట్టి వంటింట్లోంచి పంపేది. వరండాలో కూర్చున్న నేను ఒక పేపరు మొత్తం దిద్ది మార్కులు కూడేవరకు అది వచ్చేది కాదు. "ఆగుర్రి సార్, చాయ్ బయలెల్లింది!" అని లోపలి నుంచి కేక. నన్ను సార్ అనడం ఆమెకొక వేళాకోళం. చుక్క తొణికేది కాదు. కానీ ఈ రోజుల్లో తొణకకపోవడం ఒక గొప్పా?

ఆమె పోయాక ఒక సాయంత్రం చాయ్ నేనే పెట్టుకున్నాను. గ్లాసు కారు మీద ఉంచి, వరండాకు వచ్చి కూర్చుని, రిమోటు నొక్కాను. కారు రాలేదు. ఇంకా గట్టిగా నొక్కాను. పొగ వచ్చింది. వెళ్లి చూస్తే వంటింటి గడపకు ముక్కు ఆనించి కారు ఆగిపోయి ఉంది.

పక్కింటి రైతు రామన్న కారును తిరగేసి చూశాడు. మా మెట్టపొలాల్లో మోటారు గురించి తెలియనివాడు పుట్టలేదు.

"ఎన్ని హెచ్‌పీ సార్ గిది? దమ్ములేదు దీనికి. నా బోరుకు మూడుండె, ఐదు పెట్టిన. పక్కోడు ఐదు పెట్టిండని నేను ఏడున్నర పెట్టిన."

"నీళ్లు వస్తున్నాయా రామన్నా?"

"నీళ్ల ముచ్చట వేరే సార్. మోటరైతే మస్తు తిరుగుతది!"

ఎంత గొప్ప మాట! ఫలితం సంగతి తర్వాత, ముందు తిరగాలి. రామన్న ఉదారంగా తన పాత స్టార్టర్ డబ్బా కూడా ఇస్తానన్నాడు. అది కారుకంటే పెద్దది.

కొత్తకోటలో బోరు మోటార్లు చుట్టే రాఘవేందర్ దగ్గరికి వెళ్లాను. "పాతది చుట్టిస్తే గట్లనే కుంటుకుంట పోతది సార్. కొత్తది తెప్పిస్త. గీ చిన్న మోటర్లల్ల రాగితీగ చుట్లెంత తక్కువుంటె అంత ఉరుకుతది," అన్నాడు.

తక్కువ చుట్లు, ఎక్కువ పరుగు! ఈ సూత్రాన్ని లోకం ఎంత చక్కగా వాడుకుంటోందో చూడండి. పాఠాలు తగ్గించిన కొద్దీ మా సిలబస్ ముందే పూర్తవుతోంది. నన్ను పరామర్శించడానికి వచ్చిన పెద్దమనిషి బండి ఇంజను ఆపకుండానే "ధైర్యంగుండుర్రి సార్" అని గేరు మార్చాడు. దుఃఖాన్ని అంత తక్కువ చుట్లలో ముగించడం మామూలు నైపుణ్యమా?

ఇంకా ఎంత చేయవచ్చు! పెళ్లి బంతిలో వడ్డించేవాడి నడుముకు మోటారు కడితే, పప్పు కలుపుకునేలోపు పెరుగు వచ్చి విస్తరి కూడా లేచిపోతుంది. మా ఊరి కోట కింద నాలుగు మోటార్లు బిగిస్తే, చూడ్డానికి జనం కొండెక్కడం ఎందుకు? కోటే వనపర్తి బస్టాండుకు వెళ్లి నిలబడుతుంది!

కొత్త మోటారు బిగించాను. గ్లాసు పెట్టాను. నొక్కాను.

కారు గడప దూకింది. గ్లాసు దూకలేదు. కారు వరండా దాటి, రామన్న మేకను వాకిలంతా తరిమి, వెనక్కి మళ్లి, చాయ్ మడుగు మీదుగా వంటింటి తలుపును గుద్దింది. లోపలి పళ్లచక్రాలు పటపటమని విరిగాయి. తలుపు వెనక నుంచి రెండు చెక్కపలకలు దబ్బున పడ్డాయి.

చప్పుడుకు రామన్న భార్య ఈదమ్మ పరుగెత్తుకొచ్చింది. మేకను చూసింది, నన్ను చూసింది, పలకలు ఎత్తింది.

"గివి ఎయ్యలేదా సార్? యమునక్క దినాం గడపకు ఇటొకటి అటొకటి ఏస్తుండె గద. మల్ల తీసి తలుపెనక పెడుతుండె. మీకు తెల్వదా?"

తెలియదు. మామ పాత మగ్గం విప్పినప్పటి పలకలవి. అరిగి నున్నగా ఉన్నాయి.

కారుకు దమ్ము లేకపోవడం కాదు. గడపకు వాలు లేకపోవడం. బోరులో నీళ్లు లేకపోతే మోటారు ఏం చేస్తుందని నేను రామన్నను అడగలేదు. కారు ఇన్నాళ్లూ గడప ఎలా దాటిందని నన్నూ ఎవరూ అడగలేదు. అందరం హెచ్‌పీలు మాట్లాడుకున్నాం.

పలకలు గడపకు ఇటొకటి, అటొకటి వేశాను. వాటి మీదుగా నడుస్తున్నాను, తీయడం లేదు. పాత మోటారు కొత్తకోటలో రాఘవేందర్ దగ్గరే, బోరు మోటార్ల మధ్య ఒక మేకుకు వేలాడుతోంది. దాన్ని ఇంకా చుట్టించలేదు.