ఎక్కడికని అడగకూడదు

అయిదింటికి ఫోనులో అలారం మోగగానే కనకలక్ష్మి లేచి కూర్చుంది. లేవడమే కోపంగా లేచింది. ముందు తన మీద తనకే కోపం. పొద్దున్నే నడవాలని మూడేళ్లలో నాలుగుసార్లు ఒట్టు పెట్టుకుంది. నాలుగుసార్లూ మొదటి రోజే మొద్దునిద్ర పోయింది. అలారం కూడా వినపడని నిద్ర ఒక నిద్రా, ఇంత బద్ధకం మనిషి నరసరావుపేటలో ఇంకొకతె ఉంటుందా అని తనను తాను తిట్టుకుంటూ మూడేళ్లు గడిపింది.

తర్వాతి కోపం డాక్టర్ అపర్ణ మీద. మొన్న రక్తపరీక్ష కాగితం చూసి ఆవిడ తలకాయ కూడా ఎత్తకుండా, "షుగరు గుమ్మం దాకా వచ్చి నిలబడింది కనకలక్ష్మి గారూ. మూడు నెలలపాటు రోజూ నలభై అయిదు నిమిషాలు నడవండి. మధ్యలో ఆగకూడదు. లేదంటే జన్మంతా మాత్రలే" అంది. ఆ మాట వినగానే కనకలక్ష్మికి వాళ్లమ్మ గుర్తొచ్చింది. అదే షుగరుతో కాలు పోగొట్టుకుని, ఆఖరి ఆరేళ్లూ మంచం మీదే గడిపిన అమ్మ. ఆ రోజు ఇంటికి వచ్చేదాకా కనకలక్ష్మి తన కాళ్లనే చూసుకుంటూ నడిచింది.

అన్నిటికన్నా పెద్ద కోపం, పక్కన గుర్రుపెడుతున్న భర్త బాలకోటయ్య మీద. బజారులో స్టీలు సామాన్ల కొట్టు ఆయనది. రాత్రి టీవీకి అడ్డంగా నిలబడి మరీ చెప్పింది. "రేపటి నుంచి నా దారి నాది. ఎవరి కాఫీ వాళ్లు పెట్టుకోండి." ఆయన మెడ పక్కకు వంచి, ఆమె నడుము పక్కనుంచి టీవీ చూస్తూ "ఊ" అన్నాడు. ఇరవై నాలుగేళ్ల కాపురంలో ఆ "ఊ" వింటే ఆమెకు ఒళ్లు మండని రోజు ఒక్కటీ లేదు.

నడకకు వెళ్లే ఆడవాళ్ల మెడలో గొలుసులు తెంపుకుపోతున్నారని పేపర్లో రోజూ చదువుతూనే ఉంది. అందుకని పుస్తెలున్న పసుపుతాడు ఒక్కటి ఉంచుకుని, బంగారు గొలుసు, నాలుగు గాజులు తీసేసింది. బీరువా తెరిస్తే కిర్రుమంటుంది, ఆయన లేస్తాడు, లేచాడంటే కాఫీ అంటాడు. అందుకే బంగారం మొత్తం ఆయన దిండు పక్కనున్న కొట్టు తాళాల మీద పెట్టేసింది. ఫోను తీసుకుపోతే కాఫీపొడి డబ్బా ఏదని పదిసార్లు చేస్తాడు కాబట్టి అది కూడా అక్కడే వదిలింది. కూతురు హాసిని హాస్టలుకు పోతూ వదిలేసిన గులాబీరంగు బూట్లు ఉన్నాయి. చీర మీద బూట్లు తొడుక్కుని వీధిలో నడిస్తే పరువేం కాను? వాటిని గుడ్డసంచిలో కుక్కి, పైన తువ్వాలు, నీళ్లసీసా పెట్టింది. సంచి నిండుగా ఉబ్బింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. బయల్దేరే మనిషిని ఎక్కడికని అడగకూడదన్నది అందరికీ తెలిసిందే. మిగతా వీధుల్లో అది ఒక పట్టింపు. కనకలక్ష్మి వాళ్ల వీధిలో మాత్రం చట్టం, ఆ చట్టానికి పోలీసు ఆమే. ఎవరైనా నోరుజారి ఎక్కడికంటే వెనక్కి వచ్చి, కాళ్లు కడుక్కుని, కూర్చుని, మంచినీళ్లు తాగి, అడిగినవాళ్లను కడిగేసి గానీ మళ్లీ గడప దాటదు. ఎదురింటి ఆరోగ్యమ్మ, ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన పెద్దావిడ, రెండేళ్ల కిందట గుంటూరు పోతున్న కనకలక్ష్మిని "ఎక్కడికమ్మా?" అంది. దారిలో బస్సు టైరు పంక్చరైంది. ఆ టైరు గురించి ఆరోగ్యమ్మ ఇప్పటికీ మాటలు పడుతూనే ఉంది.

కాబట్టి ఆ తెల్లవారుజామున గొలుసు లేని బోసిమెడతో, ఉబ్బిన సంచితో, కందగడ్డలాంటి మొహంతో కనకలక్ష్మి బస్టాండు వైపు విసవిసా పోతుంటే, వాకిలి ఊడుస్తున్న ఆరోగ్యమ్మ చీపురు ఆపి చూసిందే తప్ప పెదవి విప్పలేదు. మూల మీద ఇడ్లీబండి పొయ్యి వెలిగిస్తున్న చాంద్ బీ నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది.

బస్టాండు దాటి కాలేజీ గ్రౌండుకు చేరేసరికి గేటుకు తాళం. లోపల ఏదో పరీక్ష ఏర్పాట్లంట, వారం దాకా తియ్యరంట.

"వారం తర్వాత నాకు షుగరొస్తే నువ్వు మింగుతావా మాత్రలు?" అంది కనకలక్ష్మి వాచ్‌మన్‌తో.

"నాకు ఎప్పుడో వచ్చిందమ్మా. పొద్దున, రాత్రి మింగుతూనే ఉన్నా" అన్నాడతను.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇవాళ వెనక్కి పోతే ఇక జన్మలో నడవనని ఆమెకు తెలుసు. పక్కనున్న కల్వర్టు మీద కూర్చుని బూట్లు తొడుక్కుంది, చెప్పులు సంచిలో వేసింది, పెళ్లినాటి చేతిగడియారం చూసుకుని నకరికల్లు రోడ్డు పట్టింది. పత్తి లారీలు హారన్ కొడుతుంటే వాటిని కూడా తిట్టుకుంటూ నడిచింది.

ఇంటి దగ్గర ఏం జరిగిందో ఆమెకు తర్వాత తెలిసింది గానీ, మనం ముందే చెప్పుకుందాం. ఆమె అలారం ఆపాననుకుని నొక్కింది ఆపే మీట కాదు. అది కాసేపాగి మళ్లీ మోగింది. బాలకోటయ్య చెయ్యి అలవాటుగా చాచాడు. చేతికి తాళాలు తగిలాయి, తాళాల మీద గొలుసు, గాజులు తగిలాయి. "నా దారి నాది" అన్న రాత్రి మాట అప్పుడు వినపడింది ఆయనకు. లుంగీ ఎగ్గట్టి వీధిలోకి పరిగెత్తాడు.

"సంచి సర్దుకుని బస్టాండు వైపు పోయిందన్నా" అంది చాంద్ బీ.

"ఎక్కడికని అడగలా?"

"నువ్వైతే అడుగుతావా?"

బాలకోటయ్య ఆలోచించాడు. ఆయన కూడా అడగడు.

"మెడ బోసిగా ఉంది. నలభై ఏళ్లు ఆస్పత్రిలో మొహాలు చూసినదాన్ని. అది తిరిగొచ్చే మొహం కాదు నాయనా" అంది ఆరోగ్యమ్మ. బాలకోటయ్య ఇంట్లోకి పరిగెత్తి ఫోను తెచ్చాడు. నకరికల్లులో ఎరువుల కొట్టు నడిపే బావమరిది కృష్ణయ్యకు ఫోన్ చేసి, "బావా, మీ చెల్లెలు గానీ అక్కడికి..." అన్నాడో లేదో, అవతల బండి స్టార్టయిన చప్పుడు వినపడింది.

ఆ బండే కనకలక్ష్మికి ఎదురొచ్చింది.

"ఏందే కనకం ఇది!" కృష్ణయ్య బండి తిప్పి ఆమె పక్కనే నెమ్మదిగా నడిపాడు. ఎదురైన మనిషిని ఎక్కడికని ఆయనా అడగడు, ఒకే కడుపున పుట్టారు కదా. "ముందు బండెక్కు."

"ఎక్కను. ఇవాళ నడిచే తీరతా. నన్ను ఆపకు అన్నయ్యా."

"మెడలో గొలుసేది?"

"ఆయన దిండు పక్కన పడేసొచ్చా."

కృష్ణయ్య కళ్లు ఎర్రబడ్డాయి. "ఏం చేశాడే బావ?"

"ఏం చేశాడా? ఏమీ చెయ్యడు! అదే కదా నా మంట. ఇరవై నాలుగేళ్ల నుంచి తాగిన గ్లాసు కూడా తియ్యడు. డాక్టరు ఇచ్చిన కాగితం మొహాన పెడితే ఊ అంటాడు."

"డాక్టరు దాకా పోయిందా యవ్వారం!" కృష్ణయ్య బండి అడ్డంగా పెట్టి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "చానా ఓపిక పట్టాను. ఇవాళ తేల్చేస్తా. పద ఇంటికి. దారిలో మళ్లీ ఫోనొచ్చింది, అక్కడ వీధి వీధంతా కూడిందంట."

కనకలక్ష్మి గడియారం చూసింది. ముప్పై ఒక్క నిమిషాలు. మధ్యలో ఆగకూడదంది డాక్టరు, అన్నయ్య వచ్చి ఆపేశాడు. నోటిదాకా వచ్చిన తిట్టు అక్కడే ఆగింది. పొద్దున్నే ఇంటి ముందు వీధంతా ఎందుకు కూడుతుంది?

"ఏమైంది అన్నయ్యా?"

"బండి మీద చెప్పే సంగతి కాదులే."

ఆమె గబగబా బండెక్కి కూర్చుంది. రాత్రి పడుకోబోతూ ఆయన ఛాతీలో మంటగా ఉందన్నాడు. మిరపకాయ బజ్జీలు మెక్కితే మండదా అని ఇటు తిరిగి పడుకుంది. ఆ మూడు కిలోమీటర్లూ కనకలక్ష్మికి ఎవరి మీదా కోపం లేదు. ఇంటి ముందు కుర్చీలు, నిలబడ్డ జనం కనపడగానే అన్నయ్య భుజం గట్టిగా పట్టుకుంది.

అంతలో జనం మధ్య నుంచి బాలకోటయ్య గొంతు గట్టిగా వినపడింది. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. దాంతోపాటే కోపమూ తిరిగొచ్చింది. బతికే ఉన్నాడు కదా, మరి ఈ సంత ఏంది?

సంతకు కారణం పక్కింటి శరత్. వకీలు దగ్గర గుమాస్తా. "పిన్ని కేసేసిందంటే కోర్టు చుట్టూ తిరగలేవు బాబాయ్. ఆమె వచ్చేలోగా పెద్దమనుషుల్లో నీ తప్పులన్నీ ఒప్పేసుకో. ఒక్కటి దాచినా రేపు అదే పట్టుకుంటారు" అని సలహా ఇచ్చి, కాగితం కలం పట్టుకుని కూర్చున్నాడు. బాలకోటయ్య గొలుసు ఒళ్లో పెట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ చెబుతున్నాడు. జనం వెనక కనకలక్ష్మి నిలబడిన సంగతి ఎవరూ చూడలేదు.

"మొన్న డాక్టరు కాడికి తోడు రమ్మంది. కొట్టు వదిలి రాలేనన్నా. ఆ రోజు బేరాల్లేవు. కూర్చుని క్రికెట్ చూశా."

"రాశా. ఇంకా?" అన్నాడు శరత్.

"అంతే."

"గుండె మీద చెయ్యేసుకుని చెప్పు బాబాయ్."

బాలకోటయ్య చెయ్యేసుకున్నాడు. "నడకకని అలారం పెట్టుకునేది. నాలుగుసార్లు పెట్టింది. మోగీ మోగకముందే నేనే నొక్కేసేవాణ్ని. ఆమె నడకకు పోతే నా కాఫీ ఏడు దాటుద్దని. లేచాక పాపం, ఎంత మొద్దునిద్రోనండీ నాది అని తిట్టుకునేది. నేను, పోన్లేవే, రేపు చూద్దువుగా అనేవాణ్ని."

కనకలక్ష్మికి చెవుల్లో గుయ్‌మంది. మూడేళ్లు. బద్ధకపు మొహమా అని అద్దంలో చూసుకుని తిట్టుకున్న మూడేళ్లు. పొద్దున్నే నడిచే ఆడవాళ్లను చూసి, నాకు ఆ పట్టుదల లేదులే అని తల దించుకున్న మూడేళ్లు. ఈ మనిషి పక్కనే పడుకుని, అలారం పీక నొక్కి, కాఫీ తాగి, పైగా ఓదార్చాడు!

"ఏమండీ!"

జనం రెండుగా చీలిపోయారు. బాలకోటయ్య లేచి నిలబడ్డాడు. "కనకం! వచ్చావా! ఇక నువ్వెట్టా చెబితే అట్టా..."

కనకలక్ష్మి చీర కుచ్చిళ్లు కొంచెం ఎత్తింది. గులాబీరంగు బూట్లు వీధంతటికీ కనపడ్డాయి. "నేను ఎక్కడికీ పోలా. నడకకి పోయా."

"నడకకా!" అన్నాడు కృష్ణయ్య.

"నడకకే!" అంది చాంద్ బీ.

బాలకోటయ్య మొహంలో ముందు సంతోషం వచ్చింది. తర్వాత తను ఇంతసేపూ ఏమేం చెప్పాడో గుర్తొచ్చింది. శరత్ చేతిలో కాగితం వైపు చెయ్యి చాచాడు.

"దాని మీద చెయ్యి పడిందా, విరగ్గొడతా!" అరిచింది కనకలక్ష్మి. "నా ఒంట్లో షుగరు చేరుతుంటే పక్కన పడుకుని అలారాలు నొక్కుతావా మనిషీ? మా అమ్మ కాలు తీసేసిన రోజు ఆస్పత్రిలో నా పక్కనే ఉన్నారు కదా మీరు! చూశారు కదా!"

ఈసారి ఆయన "ఊ" కూడా అనలేదు.

"శరత్, సంతకం పెట్టించావా?"

"పెట్టాడు పిన్నీ."

"కింద ఇంకో ముక్క రాయి. రేపటి నుంచి అయిదింటికి ఆయనే నన్ను లేపాలి. అలారం నొక్కిన చేత్తోనే లేపాలి. నేనొచ్చేసరికి నా కాఫీ బల్ల మీద ఉండాలి."

"నాకు కాఫీ పెట్టడం రాదే" అన్నాడు బాలకోటయ్య సన్నగా.

"మూడు నెలలు టైముంది, నేర్చుకోండి."

కృష్ణయ్య సాక్షి సంతకం పెట్టాడు. ఆరోగ్యమ్మ కూడా పెట్టింది. కనకలక్ష్మి కాగితం మడిచి బొడ్లో దోపుకుని గడియారం చూసింది. మధ్యలో ఆగినందుకు నడిచిన ముప్పై ఒక్క నిమిషాలూ దండగ. మళ్లీ మొదట్నుంచి నడవాలి. అన్నయ్యను, వాచ్‌మన్‌ను, మొగుణ్ని కలిపి ఒక్క చూపు చూసి, గిరుక్కున తిరిగి బయల్దేరింది.

"ఎక్కడికే?" అన్నాడు బాలకోటయ్య.

వీధంతా నాలుక కరుచుకుంది. చాంద్ బీ పరుగున స్టూలు తెచ్చి వేసింది. ఎవరో చెంబుతో నీళ్లు తెచ్చారు. కనకలక్ష్మి ఆగి, స్టూలు వైపు చూసింది, చెంబు వైపు చూసింది, మొగుడి వైపు చూసింది.

"నడకకి" అని చెప్పి, కాళ్లు కడుక్కోకుండానే వెళ్లిపోయింది.

పొద్దున ఎవరో ఒకరు ఆ ఒక్క మాట అడిగి ఉంటే అలారం సంగతి బయటపడేది కాదు కదా అని బాలకోటయ్య ఇప్పటికీ రోజూ అయిదింటికి లేచి, పాలు పొంగకుండా చూసుకుంటూ బాధపడుతుంటాడు.