వంటింటి చీటీ మీద రాకెట్ ప్రయాణం

సోమవారం పొద్దున్న ఆరింటికి, పాలు పొంగేలోపు, ఆస్పత్రి వంటక్క ఒక నిర్ణయానికి వచ్చింది. శనివారం సెలవు పెట్టి, ఇస్త్రీ వదినను వెంటబెట్టుకుని, అంతరిక్ష కేంద్రానికి వెళ్లి రాకెట్ చూసి రావాలి. ఇద్దరే. పొద్దున బస్సెక్కి, చీకటి పడకుండా తిరిగి రావాలి. ఇందులో చిక్కు పడడానికి ఏముంది అని ఎవరైనా అనుకుంటారు. వంటక్క కూడా అలాగే అనుకుంది.

వంటక్క అంటే ఆ ఆస్పత్రిలో ఇరవై రెండేళ్లుగా రోగులందరికీ వండిపెడుతున్న మనిషి. పెద్ద డాక్టరు మొదలుకుని లిఫ్టు నడిపే అతని దాకా అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. ఇస్త్రీ వదిన అక్కడే దుప్పట్లూ కోట్లూ ఉతికించి ఇస్త్రీ చేసే మనిషి. ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. వంటింటి వెనక గుమ్మం, ఇస్త్రీ గది గుమ్మం ఒకే నడవలోకి తెరుచుకుంటాయి, అదే చుట్టరికం. సాయంత్రం నాలుగింటికి ఇద్దరూ ఆ నడవలో నిలబడి పది నిమిషాలు టీ తాగుతారు. పిల్లల చదువులు, మోకాళ్ల నొప్పులు, పోయినవాళ్ల ముచ్చట్లు, అన్నీ ఆ పది నిమిషాల్లోనే అయిపోవాలి. ఏ మాటా పూర్తయ్యేది కాదు. "రేపు చెప్తాలే" అనుకుంటూ ఎవరి గుమ్మంలోకి వాళ్లు వెళ్లిపోయేవారు. అలా చెప్పుకోకుండా మిగిలిపోయిన మాటలు ఇరవై రెండేళ్లవి పోగుపడి ఉన్నాయి.

ఇప్పుడు వదినకు అరవై నిండాయి. పై మంగళవారంతో ఉద్యోగం అయిపోతుంది. ఆ మర్నాడే రైలెక్కి, రెండు రోజుల దూరంలో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్లి, ఇక అక్కడే ఉండిపోతుంది. ఎప్పుడో ఒకసారి డాబా మీద దుప్పట్లు ఆరేస్తూ, దూరాన ఆకాశంలో పైకి పాకుతున్న తెల్లటి గీతను చూసి, "అదేదో దగ్గర్నుంచి చూడాలమ్మాయ్" అంది. యాభై ఆరేళ్ల వంటక్కను అమ్మాయ్ అని పిలిచేది ఆవిడొక్కతే. ఆ మాట వంటక్క మనసులో ఉండిపోయింది. రాకెట్ సంగతి అలా ఉంచితే, పోను మూడు గంటలు, రాను మూడు గంటలు, ఒక రోజంతా పక్కపక్కన కూర్చుని మాట్లాడుకోవచ్చు. వంటక్కకు కావలసింది అది. వదినతో ఆ సోమవారమే చెప్పింది. వదిన ఆ సాయంత్రం టీ గ్లాసు కడగకుండానే లోపలికి తీసుకుపోయింది. అంత సంతోషం.

అంతరిక్ష కేంద్రంవాళ్లు శనివారాలు జనాన్ని లోపలికి రానిస్తారు గానీ, ముందుగా కంప్యూటరులో పాసు అడగాలి. వంటక్కకు ఆ విద్య రాదు. ఆఫీసు గుమాస్తాకు చీటీ పంపింది. వంటింట్లో ఉండే కాగితం ఒక్కటే, రోజూ వార్డుల భోజనం రాసే చీటీల పుస్తకం. అందులోంచి ఒకటి చింపి రాసింది: "శనివారం. అంతరిక్ష కేంద్రం. 2." కింద సంతకం.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ వంటింట్లో మనుషుల్ని లెక్కపెట్టరు, బళ్లను లెక్కపెడతారు. చక్రాల స్టీలు బండి, నాలుగు అరలు, అరకు అయిదు పళ్లేలు, వెరసి బండికి ఇరవై భోజనాలు. "పై వార్డు 3" అని చీటీ వెళ్తే, అరవై మంది అని గుమాస్తా రాసుకుంటాడు. పదకొండేళ్లుగా రాసుకుంటున్నాడు. ఆ పదకొండేళ్లలో ఒక్కనాడూ తప్పు రాయలేదు. ఆరోజు కూడా రాయలేదు.

బుధవారం నాడు గుమాస్తా స్వయంగా మెట్లు దిగి వంటింటికి వచ్చాడు. "వంటక్కా, నీ పలుకుబడే పలుకుబడి. నలభై మందికీ పాసు ఇచ్చేశారు."

గరిటె ఆగిపోయింది. "ఏ నలభై మందికి?"

"నువ్వు రాసిందేగా. రెండు బళ్లు."

"బళ్లు కాదయ్యా! మనుషులు! నేనూ, ఇస్త్రీ వదినా!"

గుమాస్తా చీటీని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "ఇద్దరు మనుషులకి ఈ చీటీ మీద ఎవరైనా రాస్తారా? బండిలో పదో వంతు అని పెట్టాలి కదా."

"అయితే ఇప్పుడు మార్చెయ్."

"మార్చనివ్వరు. రద్దు చేస్తే మళ్లీ ఆరు నెలల దాకా అడగనివ్వరు. పైగా ఇది గుంపు పాసు. ముప్పై అయిదుకి ఒక్కరు తగ్గినా గేటు తియ్యరట. ఇదిగో, అడుగున రాశారు."

ఆరు నెలలు! వదిన చేతిలో ఉన్నది ఒక్క వారం. వంటక్క పొయ్యి మంట తగ్గించి స్టూలు మీద కూలబడింది. తనకు ఏమాత్రం అక్కర్లేని ముప్పై మూడు మందిని, కనీసం, శనివారంలోగా పోగు చెయ్యాలి. లేకపోతే తనకు కావలసిన ఒక్క మనిషితో వెళ్లడానికి లేదు. ముందు వదినకు చెబుదామనుకుంది. కానీ ఇరవై రెండేళ్లలో ఒక్క పళ్లెం తేడా రానివ్వని మనిషి, ముప్పై ఎనిమిది మంది తేడా తెచ్చానని ఏ మొహం పెట్టుకుని చెప్తుంది? చెప్పలేదు. చీటీలో జరిగిన దానికన్నా పెద్ద పొరపాటు అదే.

ముందు లిఫ్టు అతన్ని అడిగింది. "పైకీ కిందికీ పోవడమే కదక్కా నా పని. సెలవు రోజు కూడా అదే చూడాలా?" అన్నాడు. మందుల గది అమ్మాయి "అక్కడ ఎండగా ఉంటుందా అక్కా?" అని అడిగి, జవాబు వినకుండానే తల అడ్డంగా ఊపింది. పెద్ద నర్సు, ఆదివారమైతే ఆలోచించేదాన్ని అంది. ఆదివారం అని అడిగితే శనివారం అనేది. సాయంత్రానికి కుదిరింది గుమాస్తా ఒక్కడే. తప్పు తనది కాదని అందరికీ చెప్పుకోవడానికి వస్తానన్నాడు.

గురువారం పొద్దున వంటక్క నోరు జారింది. "భోజనం నేనే వండి తెస్తాను" అంది. మధ్యాహ్నానికి పేర్లు ముప్పై తొమ్మిది అయ్యాయి. లిఫ్టు అతను వెతుక్కుంటూ వచ్చి, తనకు చిన్నప్పటినుంచీ అంతరిక్షం అంటే ప్రాణమన్నాడు.

ఒకే రోజుకు అన్ని సెలవు కాగితాలు వచ్చేసరికి సంగతి సూపరింటెండెంటు గారి చెవిన పడింది. వంటక్కను పిలిపించారు. ఆపేస్తారేమోనని భయపడుతూ వెళ్లి నిలబడింది.

"వంటక్కా, చాలా గొప్ప ఆలోచన! ఆస్పత్రి విజ్ఞాన యాత్ర! నాకెందుకు తట్టలేదంటావ్?"

"అయ్యా, అసలు ఇద్దరమే అనుకున్నామండీ..."

"ఏ మంచి పనైనా ఇద్దరితోనే మొదలవుతుంది. ఇక దీన్ని నేను నడిపిస్తాను. నలభయ్యో మనిషిని నేనే. ఆస్పత్రి బస్సు తీయిస్తాను. ఒకటే మాట, అందరూ తెల్లకోట్లు వేసుకోవాలి. మడత నలగకూడదు. అక్కడ ఎంతెంత పెద్దవాళ్లో ఉంటారు."

అలా ఆ కబురు శుక్రవారం మధ్యాహ్నం వదినకు చేరింది, నలభై కోట్ల మూటగా. నాలుగింటికి వంటక్క రెండు గ్లాసులు పట్టుకుని నడవలోకి వచ్చేసరికి వదిన గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో ఇస్త్రీపెట్టె, వెనకాల తెల్లటి గుట్ట.

"నాతో ఒక్కదానితో రోజంతా గడపాలంటే అంత మొహం మొత్తిందా అమ్మాయ్?"

"అయ్యో, అది కాదు వదినా..."

"విసుగ్గా ఉంటుంది, రాలేను వదినా అని నువ్వు చెబితే నేనేమైనా కాదంటానా? దానికి ఊరందర్నీ అడ్డం పెట్టుకోవాలా?"

"చీటీలో వదినా..."

"ఇంకా ముప్పై నాలుగు కోట్లున్నాయి నాకు. పో, పోయి నీ నలభై మందికి వండుకో."

తలుపు పడింది. వంటక్క రెండు గ్లాసుల టీ తానే తాగింది. రెండింట్లోనూ చక్కెర వెయ్యడం మరిచిపోయానని రెండోది అయిపోయాక గాని తెలియలేదు.

శనివారం తెల్లకోట్ల బస్సు బయల్దేరింది. వెనక సీట్లలో రొట్టెల బుట్టలు, ఉడికించిన గుడ్లు, బంగాళదుంపల కూర గిన్నెలు, వాటి మధ్య వంటక్క. వదిన ముందు వరసలో సూపరింటెండెంటు గారి అత్తగారి పక్కన కూర్చుంది. అవును, ఆయన భార్యనూ అత్తగారినీ కూడా తీసుకొచ్చారు. అత్తగారికి రాకెట్ చూడాలని ఎన్నాళ్లనుంచో కోరిక అని అందరికీ చెప్పారు. అత్తగారు మాత్రం దారిపొడుగునా "ఎక్కడికి నాయనా మనం పోతోంది?" అని అడుగుతూనే ఉంది. మూడు గంటల ప్రయాణంలో వదిన ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

గేటు దగ్గర కాపలా అతను పేర్లు అడగలేదు, వేలు పెట్టి తలలు లెక్కపెట్టాడు. "నలభై రెండు. పాసు నలభైకి."

"ఇద్దరేగా బాబూ," అన్నారు సూపరింటెండెంటు గారు.

"ఇద్దరైనా ఎక్కువే సార్. తిండి గిన్నెలు కూడా లోపలికి రావు. ఎవరైనా బయట కాపలా ఉండాలి."

అందరూ ఒక్కసారిగా ఎవరి చెప్పుల వంక వాళ్లు చూసుకున్నారు. "నేను ఉండిపోతానర్రా" అని అత్తగారు ఆశగా అంది గానీ, అల్లుడుగారు ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"నేనుంటానండీ, గిన్నెలు నావే," అంది వంటక్క. "వదినా, నువ్వు మాత్రం లోపలికి వెళ్లు. నీకోసమే కదా..."

వదిన కోటు విప్పి, బొత్తాలు పెట్టి, నాలుగు మడతలు వేసింది. "రెండోదాన్ని నేనుంటాలెండి సార్. ఎక్కువైనవాళ్లం మేమే కదా."

నలభై మందీ లోపలికి పోయారు. గేటు మూసుకుంది. రేకుల షెడ్డు కింద బెంచీకి ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు, నడుమ రొట్టెల బుట్ట.

"ఇప్పుడైనా చెప్తావా, నేనంటే ఎందుకంత విసుగొచ్చిందో?" అంది వదిన, గోడ వంక చూస్తూ.

వంటక్క చెప్పింది. చీటీ, గుమాస్తా, గుంపు పాసు, ముప్పై అయిదు, ఆరు నెలలు, అన్నీ ఏడుస్తూ చెప్పింది. వదిన నెమ్మదిగా ఇటు తిరిగింది.

"అంటే... మనిద్దర్నీ... రెండు బళ్లు అనుకున్నాడా?"

"అవును వదినా."

వదిన మొహం అదోలా అయింది. పెదవి బిగబట్టింది. ఇంక ఆగలేక నవ్వు మొదలుపెట్టింది. పొట్ట పట్టుకుని, కళ్లు ఒత్తుకుని, బెంచీ ఊగిపోయేలా నవ్వింది. "నీ మొహం మండా! ఆ మాట ముందే చెప్తే, కోట్లన్నీ నలిపి ఇచ్చేదాన్ని కదే!"

ఇక మాటలు మొదలయ్యాయి. ఎప్పుడెప్పుడో నడవలో సగంలో ఆగిపోయినవన్నీ ఒక్కొక్కటే బయటికొచ్చాయి. ఆకలేసి గిన్నె మూత తీస్తే, వదిన కూర వద్దంది.

"అదేంటి? నీకు ఇష్టమని రోజూ ఒక గరిటె ఎక్కువ వేసేదాన్ని!"

"నాకు బంగాళదుంప పడదమ్మాయ్. కడుపుబ్బరం."

"ఇరవై రెండేళ్లు తిన్నావు!"

"గుమ్మంలో నిలబడి చూస్తుండేదానివి. ఏం చెయ్యను?"

కాసేపటికి వదిన గొంతు తగ్గించి అంది: "చెల్లెలింట్లో నాకు పనేమీ ఉండదంట. హాయిగా కూర్చుని తినమంటోంది. అదే నా భయం. కూర్చోవడం నాకు చేతకాదమ్మాయ్."

"పొద్దుటినుంచీ కూర్చునే ఉన్నావు కదా వదినా. బాగానే కూర్చున్నావు."

వదిన దాన్ని గురించి ఆలోచిస్తుండగా, లెక్కలేనన్ని చక్రాలున్న పొడవాటి లారీ ఒకటి వచ్చి షెడ్డు ముందే ఆగింది. మీద ఏదో గుండ్రంగా, ఇల్లంత ఎత్తున, పడుకుని ఉంది. టార్పాలిన్ పట్టా ఒక పక్క ఊడి గాలికి కొట్టుకుంటోంది. లోపల తెల్లగా మెరుస్తోంది. కప్పు సరిగా లేకపోతే లోపలికి రానివ్వనన్నాడు కాపలా అతను. డ్రైవరూ, ఇద్దరు మనుషులూ పట్టాను లాగుతున్నారు, గాలి దాన్ని వాళ్ల మొహాల మీదికే తిప్పి కొడుతోంది.

వదిన అయిదు నిమిషాలు ఓర్చుకుంది. ఆ తర్వాత లేచింది. "అలా లాగితే ఈ జన్మకి రాదు నాయనా. గాలికి ఎదురుగా పట్టకూడదు. దిగు, ముందు దిగు కిందికి."

"మీకెందుకమ్మా, ఇది రాకెట్టు..."

"ఏదైతేనేం, దుప్పటి దుప్పటే. అమ్మాయ్, ఆ కొస పట్టు. మీరిద్దరూ అటు తిరగండి. నేను చెప్పేదాకా ఎవరూ లాగొద్దు."

నలభై ఏళ్లు దుప్పట్లు మడిచిన చేతులు. గాలి ఒక్క క్షణం తగ్గగానే "ఊఁ!" అంది, పట్టా పక్షిలా లేచి, వెళ్లి సరిగ్గా కూర్చుంది. మూలలు ఎలా దోపాలో డ్రైవరు చేత రెండుసార్లు చేయించి చూసింది. ఆఖరి మూల కట్టేముందు డ్రైవరు చుట్టూ చూసి, పట్టా జానెడు ఎత్తిపట్టాడు. "ముట్టుకోండమ్మా, పర్లేదు. ఇదొక ముక్క. పై నెల మిగతావాటితో కలిసి ఎగిరిపోతుంది. ఎవరికీ చెప్పకండి, నా ఉద్యోగం పోతుంది." కాపలా అతను, నోట్లో వంటక్క ఇచ్చిన గుడ్డుతో, రోడ్డుకు అవతలి వైపు ఏదో చాలా శ్రద్ధగా చూస్తున్నాడు.

వంటక్క అరచెయ్యి ఆనించింది. చల్లగా ఉంది, పొయ్యెక్కని పెద్ద గిన్నెలాగ. పక్కన వదిన చెయ్యి కూడా ఆనింది.

ఒంటిగంటన్నరకు నలభై మందీ తూలుతూ బయటికి వచ్చారు. రాకెట్లు పెట్టిన హాలు మరమ్మతుల్లో ఉందట. చీకటి గదిలో కూర్చోబెట్టి సినిమా వేశారట, రెండో గుంపు రాలేదని దాన్నే వీళ్లకు మళ్లీ వేశారట. అత్తగారు అల్లుడి భుజం మీద నిద్రపోతే, ఆయన కదలకుండా రెండుసార్లూ చూశారు. "లిఫ్టు మాత్రం బ్రహ్మాండంగా ఉందక్కా" అన్నాడు లిఫ్టు అతను.

"పాపం, మీ ఇద్దరికీ పొద్దుపోయి ఉండదు," అన్నారు సూపరింటెండెంటు గారు.

"ఎంతలో అయిపోయిందో తెలియలేదండీ," అంది వదిన.

తిరుగు ప్రయాణంలో ఖాళీ గిన్నెల మధ్య ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. మూడు గంటలూ సరిపోలేదు. బుధవారం రైలు కదిలేదాకా కూడా సరిపోలేదు.

స్టేషను నుంచి వంటక్క కళ్లు తుడుచుకుంటూ ఆస్పత్రికి వచ్చేసరికి, గుమాస్తా నోటీసు బోర్డుకు ఒక కాగితం అంటిస్తున్నాడు. "విజ్ఞాన యాత్ర జయప్రదం. రాకెట్‌ను దగ్గరగా దర్శించిన మన సిబ్బంది" అని పైన పెద్ద అక్షరాలు, కింద సూపరింటెండెంటు గారి సంతకంతో నలభై పేర్లు. వంటక్క పైనుంచి కిందిదాకా రెండుసార్లు చదివింది. రాకెట్‌ను చూసినవాళ్లు తప్ప అందరూ ఉన్నారు.