ఒకటిన్నర గ్రాముల ముల్లు

పాట వినేవాళ్లంత సోమరిపోతులు లోకంలో ఇంకెవరూ లేరు! కోపంతో అంటున్న మాట కాదిది, కడుపుమంటతో అంటున్నది. ఫోను మీద వేలు పెడితే పాట. ఆటో ఎక్కితే పాట. జిమ్‌లో పాట, లిఫ్టులో పాట. చెమట చుక్క రాల్చకుండా విన్నది కూడా ఒక పాటేనా?

సంగీతం మీద అసలైన భక్తి ఉన్నవాడు పాట వినడు. వినడానికి ఏర్పాట్లు చేస్తాడు. నమ్మకం లేకపోతే జూబ్లీ హిల్స్‌లో నిర్మాత చలపతిరావుగారి మేడ మీది గదికి వెళ్లి చూడండి. చెప్పులు బయటే విడవండి. ఊపిరి గట్టిగా వదలకండి, లోపల కాటా ఉంది.

చలపతిరావుగారు పదకొండు సినిమాలు తీశారు. మూడు ఆడాయి. మిగిలిన ఎనిమిదింటి ఊసు ఆయన దగ్గర ఎత్తితే కాఫీ కూడా పుట్టదు. అలాంటి మనిషి ఎనిమిది నెలల కిందట టర్న్‌టేబుల్ కొన్నారు. అంటే మన పాత రికార్డు ప్లేయరే, కాకపోతే ఫారిన్‌ది.

కొన్నది డాబుకి కాదు, పాపం. ఆయన భార్య పుష్పవల్లిగారు పెళ్లికి ముందు మద్రాసులో సినిమా పాటలకి కోరస్ పాడేవారు. ఒకే ఒక్క పాటలో, పల్లవికీ చరణానికీ మధ్య నాలుగు సెకన్ల ఆలాపన మాత్రం అచ్చంగా ఆవిడొక్కరిదే. ఆ సినిమా మూడు రోజులాడింది. పాట యూట్యూబ్‌లో కూడా లేదు. పెళ్లయ్యాక చలపతిరావుగారు, "నిర్మాత పెళ్లాం కోరస్‌లో నిలబడితే ఏం బాగుంటుంది?" అన్నారు. ఆవిడ మానేశారు.

అమ్మగారు ఏళ్ల తరబడి వెతకమంటున్న ఆ రికార్డు, ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద డ్రైవర్ నర్సింహ కంటపడింది. పుష్పవల్లిగారు దాన్ని కొంగుతో తుడిచి, "ఒక్కసారి విందామండీ" అన్నారు. తన గొంతు తాను విని ఆవిడకి ముప్పై అయిదేళ్లు దాటింది.

"ఎలా పడితే అలా వింటావా? దానికి తగ్గ సౌండ్ ఉండద్దూ! మన ముప్పై అయిదో పెళ్లిరోజుకి వినిపిస్తా చూడు. అందాకా మేడ మీది గదిలోకి నువ్వు రాకూడదు" అన్నారు చలపతిరావుగారు. ప్రేమంటే ఇది కాదూ!

ఇక మొదలైంది తపస్సు. టర్న్‌టేబుల్‌కి ఒక చెయ్యి, ఆ చేతి చివర కార్ట్రిడ్జ్ అని బొటనవేలి గోరంత డబ్బీ, దాని కింద ముల్లు. ఆ ముల్లు రికార్డు మీద సరిగ్గా ఒకటిన్నర గ్రాముల బరువుతో ఆనాలి. తక్కువైతే గంతులేస్తుంది, ఎక్కువైతే రికార్డుని గీకేస్తుంది. ఎదురుగా చూస్తే నిటారుగా ఉండాలి, పైనుంచి చూస్తే గీతకి తిన్నగా ఉండాలి. పెళ్లిచూపుల్లో పిల్లని కూడా ఇన్ని వైపుల నుంచి చూడరు.

ముహూర్తం లేకుండా ఫిలింనగర్ వాళ్లు ఏ పని చేశారు గనక! గురువారం తొమ్మిదీ పన్నెండుకి ముల్లు దించారు. కొబ్బరికాయ కొట్టారు, హారతిచ్చారు, ఒకాయన క్లాప్ కూడా కొట్టాడు. ప్రొడక్షన్ మేనేజర్ వరప్రసాద్, ముప్పై ఏళ్లుగా ప్రతి కెమెరాకీ పెట్టినట్టే, కార్ట్రిడ్జ్‌కి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాడు.

ఒక్క రోజుతో పోనిస్తే వరప్రసాద్ ఎలా అవుతాడు? షూటింగ్ ఉన్నన్నాళ్లూ కెమెరాకి రోజూ బొట్టు పెట్టడం అతని ఆనవాయితీ. ఇక్కడా అంతే. రోజూ పొద్దున్నే వచ్చి, నిన్నటి బొట్టు మీద తడివేలితో ఇవాళ్టి బొట్టు అద్ది, లెంపలేసుకుని వెళ్లేవాడు. ఆ బొట్టు చలపతిరావుగారికీ కనిపించేది, ఆయనా దణ్ణం పెట్టుకునేవారు. బొట్టుకి బరువుంటుందని ఏ నిర్మాతకి తోస్తుంది చెప్పండి!

పదింటికి ఆయన ముల్లుని తీసుకెళ్లి ఆ ఆలాపన మీదే పెట్టేవారు. ఆవిడ గొంతు బుసకొట్టేది. మళ్లీ పెట్టేవారు, మళ్లీ బుస. అలా రోజుకి నలభై సార్లు. సాయంత్రం కాటా తెచ్చి తూస్తే ఒకటీ ముప్పావు! తగ్గించి ఒకటిన్నర చేసేవారు. తెల్లారి బొట్టు పడగానే మళ్లీ ఒకటీ ముప్పావు.

మెట్రో రైలు అదురు అన్నారు. జూబ్లీ హిల్స్ బండల్లో ఏదో ఆకర్షణ ఉందన్నారు. వాస్తు సిద్ధాంతిని పిలిస్తే, ముల్లు నైరుతి మొహం పెట్టుకుని కూర్చుంటే మాట ఎలా వింటుందని టేబుల్ తిప్పించాడు.

ఈ తపస్సు వల్ల లోకానికి ఎంత మేలు జరిగిందో చూడండి. మిక్సీ అదురుకి ముల్లు వణుకుతుందని ఇంట్లో మిక్సీ ఆపేశారు, రోటి పచ్చళ్లు తిని అందరికీ ఆరోగ్యం వచ్చింది. టీవీ ఆగింది, సీరియల్స్ పీడ వదిలింది. అన్నిటికంటే ముఖ్యం, ఎనిమిది నెలలు చలపతిరావుగారు సినిమా తీయలేదు. ప్రేక్షకులకి ఇంతకంటే సేవ ఎవరు చేయగలరు!

మధ్యలో పుష్పవల్లిగారు తలుపు దగ్గర నిలబడి, "సరిగ్గా లేకపోయినా ఫరవాలేదండీ, ఒక్కసారి వింటాను" అన్నారు. "ఉష్! కాటా ఊగుతోంది!" అన్నారాయన. ఇంకో రోజు ఆవిడ బట్టలు మడతపెడుతూ ఆ ఆలాపనే కూనిరాగం తీస్తుంటే, "ఎవరది? టెస్టింగ్ జరుగుతుంటే ఆ గోలేంటి?" అని లోపల్నుంచి కేక. ఆవిడ నోరు మూసుకున్నారు.

సౌండ్ ఎలా ఉందని అడిగితే, వచ్చినవాళ్లంతా "అదిరింది సార్!" అనేవారు. ప్రివ్యూ చూసి బయటికొచ్చి నిర్మాతతో ఏమనాలో ఫిలింనగర్‌లో పసిపిల్లలకి కూడా తెలుసు. ఎటొచ్చీ ఆ నర్సింహ ఒక్కడికే మర్యాద తెలీదు.

"సార్, జర గుస్సా గాకుండ్రి. మొదటి దినం అమ్మ గొంతు మంచిగ ఇనొచ్చింది. గిప్పుడు రేకుల మీద వాన పడ్డట్టున్నది."

"నీకేం తెలుసురా సౌండ్ గురించి? వెళ్లి కారు తుడుచుకో" అన్నారు చలపతిరావుగారు.

పెళ్లిరోజు రానే వచ్చింది. సాయంత్రం ఏడింటికి అరవై మంది అతిథులు. పుష్పవల్లిగారు పట్టుచీర కట్టుకుని, ఎనిమిది నెలల తర్వాత ఆ గదిలో కాలు పెట్టి ముందు వరసలో కూర్చున్నారు. చలపతిరావుగారు ఊపిరి బిగబట్టి ముల్లు దించారు. పల్లవి వచ్చింది. గాజులా ఉంది సౌండ్! పల్లవి అయ్యింది. ఆలాపన రావాలి.

సుయ్‌య్‌య్...

నాలుగు సెకన్లు. ఆ తర్వాత చరణం హాయిగా ఎత్తుకుంది.

"అదిరింది సార్!" అన్నాడు వరప్రసాద్. అరవై మందీ చప్పట్లు కొట్టారు.

"నేనెక్కడండీ?" అన్నారు పుష్పవల్లిగారు.

చలపతిరావుగారు రికార్డు ఆపి, వంగి, ముల్లు కింద వేలు పెట్టారు. వేలికి ఎర్రటి పొడి అంటింది. బొట్టు బరువుతో ముల్లు గీకింది, రాలిన కుంకుమ గరుకుకాగితంలా రుద్దింది. ఎనిమిది నెలలు ఆ నాలుగు సెకన్ల మీదే! పాటంతా చెక్కుచెదరలేదు, భార్య గొంతు ఒక్కటే చెరిగిపోయింది.

"పుష్పా... నేనే... నా చేత్తో నేనే..." ఎనిమిది సినిమాలు పోయినప్పుడు కూడా ఆ మనిషి అలా కుంగిపోలేదు.

పుష్పవల్లిగారికి ముందు ఏడుపొచ్చింది. ఆ తర్వాత, మొగుడి చేతికంటిన కుంకుమా, వెనక ఇంకా చప్పట్లు కొడుతున్న వరప్రసాదూ కనిపించేసరికి ఆవిడకి నవ్వాగలేదు. పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వి, కళ్లు తుడుచుకుని, లేచి నిలబడి, ఆ ఆలాపన ఎత్తుకున్నారు. మొదట్లో కాస్త జీర. రెండో విరుపులో గొంతు తెరుచుకుంది. ఆలాపనతో ఆపలేదు. ఒకప్పుడు వెనక వరసలో నిలబడి విన్న పల్లవి కూడా ఆవిడే పాడారు, మొదటి చరణమూ పాడారు. అరవై మందిలో ఒక్కడు ఫోను తీస్తే ఒట్టు.

చూశారా మరి! ఆ ముల్లు మొదటి రోజే కుదిరి ఉంటే ఆవిడ నాలుగు సెకన్లు విని, అందరికీ కాఫీలు పంపించడానికి కిందికి వెళ్లిపోయేవారు. ఈ ఇంట్లో ఒక గొంతు ఉందన్న సంగతి ఎవరికి తెలిసేది? కాబట్టి ముళ్లు కుదరకూడదు, ఏ ఇంట్లోనూ కుదరకూడదు.

రెండో చరణానికి ముందు ఆవిడ ఊపిరి తీసుకుంటుంటే, చలపతిరావుగారు తడికళ్లతోనే చెయ్యెత్తారు. "పుష్పా, కొంచెం ఎడమకి జరిగి నిలబడు. అక్కడైతే ఇంకా బాగా మోగుతుంది."

"ముప్పై అయిదేళ్లూ మీరు నిలబడమన్న చోటే నిలబడ్డానండీ. ఈ పూటకి మీరు జరగండి."

చలపతిరావుగారు జరిగారు.